గేట్‌మన్ భార్యకు నేను చేసిన అన్యాయం

కథల తర్జుమా నేర్చుకునేవాళ్ళు ఎలాంటి తప్పులు చేస్తారని నన్నెవరైనా అడిగితే ముందు నవ్వొస్తుంది, ఆ వెనకే కొంచెం సిగ్గేస్తుంది. ఏళ్ళ తరబడి విద్యార్థుల కాగితాలు దిద్దినదాన్ని కాబట్టి ఆ తప్పులన్నీ నాకు బాగా తెలిసినవే. మాట తెలియక చేసేది పెద్ద తప్పేం కాదు, నిఘంటువు తిరగేస్తే తీరిపోతుంది. మాట తెలిసీ, కథ అర్థమయ్యీ, "ఇది ఇలా ఉంటే బాగుండదులే" అని చెయ్యి పెట్టడం ఉంది చూశారూ, అదీ అసలు తప్పు. ఆ విద్యలో నన్ను మించినవాళ్ళను నేనింతవరకూ చూడలేదు. నా తర్జుమా విని మా అవ్వ, అంటే మా అమ్మ, చనిపోయిన మా బాపును, అంటే నాన్నను, అనుమానించింది. అంత ఘనకార్యం ఇంకెవరు చేయగలరు?

ఎనభైలలో సంగతి ఇది. మాది ఎల్లారెడ్డి. డిగ్రీ చదువు కోసం కామారెడ్డి హాస్టల్లో ఉండేదాన్ని. నా తెలుగు మీద నాకు మహా గర్వం. ఇంట్లో మాట్లాడుకునే తెలుగు పరీక్షలో రాస్తే మార్కులు పోతాయని బడిలోనే నేర్పి పెట్టారు మాకు. అందుకని ఎల్లారెడ్డిలో నాకు ఒక నోరు, కాలేజీలో ఇంకో నోరు ఉండేవి. రెండోదాన్నే నా అసలు నోరనుకునేదాన్ని. కోపం వచ్చినప్పుడు మాత్రం మొదటిదే బయటికి వచ్చేది. కోపం నాకు తరచుగానే వచ్చేది.

కామారెడ్డిలో బాలికల బడిలో ఉర్దూ చెప్పి రిటైరైన ఒక పెద్దామె ఉండేది. ఊరంతా ఆమెను ఉస్తానీ అనేవాళ్ళు, అంటే పంతులమ్మ అని. మేము ఉస్తానీ అమ్మ అనేవాళ్ళం. ఆదివారం పొద్దున ఆమె తన ఇంటి వరండాలో మాకు ఉర్దూ చదవడం, కథలను తెలుగులోకి తర్జుమా చేయడం నేర్పేది. ఎందుకు నేర్పుతున్నావని ఎవరో అడిగితే, "మీ తాతల పెట్టెల నిండ ఉర్దూ కాయితాలే ఉన్నయి. ఆళ్ళు పోయినంక ఎవలు సదువుతరు? ఎలుకలు సదువుతయా?" అంది. నిజమే. నిజాం కాలంలో బడికి పోయిన మా పెద్దవాళ్ళలో చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళు, రాయాల్సి వస్తే మాత్రం ఉర్దూలోనే రాసేవాళ్ళు. మా బాపు ఎల్లారెడ్డి కచేరిలో గుమాస్తాగా పనిచేశాడు. బతికినన్నాళ్ళూ ఉర్దూలోనే సంతకం పెట్టాడు. తెలుగు బోర్డు చదవాలంటే ఒక్కో అక్షరం కూడబలుక్కునేవాడు.

ఆ వరండాలో మేము ముగ్గురం. లింగంపేట నుంచి బస్సులో వచ్చే ఒక ఇద్దరు పిల్లల తల్లి, భిక్నూర్‌లో బడిపంతులుగా ఉన్న ఒకాయన, నేను. తప్పుల విషయంలో ఎవరి దారి వాళ్ళదే.

లింగంపేట ఆమె కథలో ఎవరైనా పస్తు ఉంటే ఓర్చుకోలేకపోయేది. ఒక కథలో ముసలివాడు ఒట్టి రొట్టె తిని నీళ్ళు తాగి పడుకుంటాడు. ఆమె తెలుగులో ఆ రొట్టె పక్కన పప్పు వచ్చింది, ఉల్లిగడ్డ కూడా వచ్చింది. "గీ పప్పు యాడికెల్లి వచ్చింది బేటీ? కితాబుల లేదు గద" అని ఉస్తానీ అమ్మ అడిగితే, ఆమె తల వంచుకుని, "ముసలోడమ్మా, ఒట్టి రొట్టె ఎట్ల మింగుతడు?" అంది. ఉస్తానీ అమ్మ కథలో పప్పు కొట్టేసి, మాకందరికీ ఇంట్లో నుంచి ఖిచిడీ తెప్పించి పెట్టింది.

భిక్నూర్ పంతులుగారిది ఇంకో రకం. దొంగ కథ చేసినా, దొర కథ చేసినా చివర ఒక పేరా తగిలించేవాడు. కాబట్టి మనమందరం నిజాయితీగా ఉండాలి అని. ఉస్తానీ అమ్మ ఆ పేరా మీద వేలు పెట్టి, "కథ బస్సెక్కి పోయింది సార్. నువ్వింక స్టాండ్ల నిలవడి ఎవలకు చెయ్యి ఊపుతున్నవు?" అనేది. ఆయన నవ్వేవాడు. మళ్ళీ వారం మళ్ళీ పేరా ఉండేది.

ఇక నేను. నా కథల్లో కూలివాళ్ళు కూడా పాఠ్యపుస్తకంలా మాట్లాడేవాళ్ళు. చాకలామె "అయ్యో, ఎంతటి విపత్తు సంభవించినది" అనేది. ఆడవాళ్ళు తిట్టుకునే చోట నేను వాళ్ళను నిట్టూర్చేటట్టు చేసేదాన్ని. ఉర్దూలో చీమిడి ముక్కు పిల్లవాడు ఉంటే నా తెలుగులో వాడు ముద్దులొలికే బాలుడు. ఉస్తానీ అమ్మ నా కాగితం చదివి, కళ్ళజోడు తీసి, "నువ్వు మనుషులకు తానం పోసి, తల దువ్వి, పౌడర్ రాసి పంపుతున్నవు. ఇంటోళ్ళు ఆనవాలు వడ్తరా వాళ్ళను?" అంది. నాకు మండింది. నా భాష ఆమెకు అర్థం కాలేదని హాస్టల్‌కు వచ్చి స్నేహితురాళ్ళ దగ్గర ఎగతాళి చేశాను కూడా.

ఉస్తానీ అమ్మ పరీక్ష పెట్టే తీరు వేరుగా ఉండేది. ఆ వరండాలోనే ఇంకో కొసకు ఇరుగుపొరుగు ఆడవాళ్ళు చేటలు ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతూ కూర్చునేవాళ్ళు. అసలు పుస్తకం మూసేసి మా తెలుగును వాళ్ళకు చదివి వినిపించాలి. వాళ్ళు ఏ ప్రశ్నైనా అడగవచ్చు. దానికి జవాబు ఉర్దూలో ఉండి మా తెలుగులో లేకపోతే మళ్ళీ మొదటి నుంచి రాయాలి. ఒకసారి నేను అత్తాకోడళ్ళ కథ ఎంతో భావం ఒలకబోస్తూ చదివాను. ఆకు కత్తిరిస్తున్న ఒకామె తలెత్తకుండానే, "గామె అత్తనా, హరికథ చెప్పేటామెనా?" అని అడిగింది. అందరూ విరగబడి నవ్వారు. నా ముఖం మాడిపోయింది. ఆ కథ మూడుసార్లు రాశాను, మూడుసార్లూ ఆ అత్త హరికథే చెప్పింది.

ఇలా ఉండగా ఆ వానాకాలంలో బాపు పోయాడు. జ్వరం వచ్చి నాలుగు రోజులే. ఏడుపులూ, కర్మకాండలూ అయ్యాక, భూమి కాగితాల కోసం అవ్వ ఆయన ట్రంకుపెట్టె తెరిచింది. కాగితాల అడుగున అట్ట వేసిన ఒక పొడుగాటి నోటుబుక్కు దొరికింది. నిండా ఉర్దూ. బాపు రోజూ అన్నం తిన్నాక కాసేపు ఏదో రాసుకునేవాడు, కచేరి పనేమో అనుకునేవాళ్ళం. అవ్వ ఆ పుస్తకం నా చేతిలో పెట్టి, "నువ్వు ఉర్దు నేరుస్తున్నవ్ గద. ఇండ్ల ఏమున్నదో సదువు" అంది.

పెరట్లో కూర్చుని ముందు నాలో నేను చదువుకున్నాను. లెక్కా పత్రం కాదు, కథ. మా బాపు కథలు రాశాడు! మొత్తం మూడున్నాయి. మొదటి రెండూ సగంలో ఆగిపోయాయి. మూడోది ఒక్కటే పూర్తయింది.

ఆ కథలో ఊరికి దూరంగా ఒక రైల్వే గేటు ఉంటుంది. గేట్‌మన్ అక్కడే పొద్దంతా ఉంటాడు. మధ్యాహ్నం అతని భార్య వాగు దాటి అన్నం తెస్తుంది. ఆమె నల్లగా ఉంటుంది, ముఖం నిండా స్ఫోటకం మచ్చలు. గొంతు విప్పితే అవతలి గట్టుకు వినిపిస్తుంది. ఆమె గేటు దగ్గరికి రాకముందే తిట్లు వస్తాయి. దారిలో ఎదురైన మేకలను తిట్టి, రైలును తిట్టి, చివరికి మొగుణ్ణి తిడుతుంది. ఒక రోజు వాన దంచికొడుతుంది. వాగు వచ్చిందని, ఆమె రాదని అతను అనుకుంటాడు. రైళ్ళు పోతుంటాయి. గేటు వేస్తాడు, తీస్తాడు. ఆకలి మాట గుర్తు రాదు కానీ, వాన చప్పుడులో ఆ గొంతు లేకపోవడం అతనికి తోచనివ్వదు. చాలాసేపటికి వానలో నుంచి తిట్లు వినిపిస్తాయి. గిన్నె నెత్తిన పెట్టుకుని, నడుము దాకా తడిసి, వాన దేవుణ్ణి తిడుతూ ఆమె వస్తుంది. పక్క సందులో నుంచి ఆమె రాగలిగినా అతను పరుగెత్తుకెళ్ళి గేటు తెరుస్తాడు. అతను తింటుంటే ఆమె నిలబడే తిడుతుంటుంది. తినడం అయిపోతుంది. అప్పుడు అతను, "ఇంకొంచెం పెట్టు" అంటాడు. కడుపు నిండింది. అయినా అడుగుతాడు, అన్నం అయిపోతే ఆమె గిన్నె తీసుకుని వెళ్ళిపోతుంది, తిట్లు కూడా అయిపోతాయి కాబట్టి. కథ అంతే.

చదువుతుంటేనే తెలిసిపోయింది. ఆ నలుపు మా అవ్వది. ఆ మచ్చలు మా అవ్వవి. మేకలను మనుషులను తిట్టినట్టే తిట్టే ఆ గొంతు మా వాడకట్టు మొత్తానికి తెలిసిన గొంతు. మొగుడు పోయి నెలన్నా కాలేదు, ఆమెను కూర్చోబెట్టి "బాపు నీ ముఖం మీది మచ్చల గురించి రాశాడు, నువ్వు నోరున్నదానివని రాశాడు" అని ఎలా చదవను? నాకు అవ్వంటే ప్రాణం. ఇంత దుఃఖంలో ఆమెను ఇంకా నొప్పించడం నా వల్ల కాదనిపించింది. ఆ నిర్ణయానికి రావడానికి నాకు ఒక్క నిమిషం కూడా పట్టలేదు. రెండు రోజులు కూర్చుని ఆ కథకు తానం పోసి, తల దువ్వి, పౌడర్ రాశాను.

నా తర్జుమాలో గేట్‌మన్ భార్య సన్నగా, పచ్చగా ఉంది. తలవంచుకుని వచ్చింది. వాన వెలిశాక తడిసిన కొంగు సర్దుకుంటూ, "ఆలస్యమైనందుకు మన్నించండి" అంది. అతను తింటుంటే ఆమె కొంగుతో విసిరింది. అతను ఇంకొంచెం పెట్టమన్నాడు, ఎందుకంటే ఆమె చేతి వంట అమృతంలా ఉంది. ఆ "అమృతంలా" అన్న చోట నాకు నేనే ముచ్చటపడ్డాను.

అవ్వ చేటలో బియ్యం ఏరుతూ వింది. నేను చదవడం ఆపాక కూడా తల వంచుకుని ఏరుతూనే ఉంది. మంచి కథ విని మనసు కరిగిందనుకున్నాను.

"ఎవలామె?" అంది చివరికి.

"కథలో గేట్‌మన్ పెండ్లాం అవ్వా."

"అది నాకు ఎర్కే. మీ బాపు చూడంది చెప్పెటోడు కాదు, అబద్ధం ఆడరాదు ఆయనకు. గిసొంటి పచ్చటి ఆడిది, నోట్ల మాట లేనిది, మా ఇంట్ల లేదు. మరి యాడ చూసిండు? కచేరిల చూసిండా? పెండ్లికి ముంగట చూసిండా?"

"అవ్వా, అది కథ."

"కథనే బిడ్డా. మనసుల ఉన్నదే గద కథల వస్తది" అని చేట పక్కన పెట్టి లేచిపోయింది.

అప్పుడే చెప్పేయాల్సింది. నోరు రాలేదు. అబద్ధం ఒప్పుకోవడం కంటే, నేనంత ముచ్చటపడి రాసింది అసలు తర్జుమానే కాదని ఒప్పుకోవడం కష్టమైంది కాబోలు. మర్నాడు పొద్దున చూస్తే బాపు ఫోటో ముందు చాయ్ గ్లాసు లేదు. ఆయన పోయిన నాటి నుంచి అవ్వ రోజూ తెల్లవారగానే అక్కడ చాయ్ పెట్టేది, చల్లారాక తను తాగేది. "చాయ్ పెట్టలేదేందవ్వా?" అని అడిగితే, "గా పచ్చటామె పోస్తది తియ్యి" అంది. వెటకారంగా అనలేదు. అలసిపోయినట్టు అంది. ముప్పై ఏళ్ళ కాపురం మొత్తం ఎవరిదో ఇంట్లో తను పని చేసి వచ్చినట్టు కూర్చుంది. అవ్వ రోజంతా ఎవరినీ తిట్టలేదు. మేకలు పెరట్లో దూరి చిక్కుడు తీగ తింటున్నా లేవలేదు. అది చూశాక నాకు భయమేసింది.

సాయంత్రం ఆమె ముందు కూర్చుని నిజం చెప్పాను. నేను మార్చానని, ఆ ఆడమనిషి పచ్చగా లేదని, నల్లగా ఉందని, మచ్చలున్నాయని, తిడుతుందని చెప్పి, నోటుబుక్కు తెరిచి ఈసారి ఉన్నది ఉన్నట్టు చదివాను. అవ్వ పూర్తిగా విననైనా లేదు.

"మొన్న ఒక తీరు సదివినవు, ఇయ్యాల ఒక తీరు సదువుతున్నవు. అవ్వ దుఃఖపడ్తదని మార్చినవు. మొన్న మార్చినవో, ఇప్పుడు మార్చినవో నాకెట్ల ఎర్కైతది బిడ్డా?"

ఒట్టు పెట్టాను. "నీ ఒట్టు గూడ నీ కథ లెక్కనే ఉంటది" అంది. నా జీవితంలో నా చదువును అంత గట్టిగా ఎవరూ దెబ్బకొట్టలేదు. ఆ తర్వాత నేను విద్యార్థులకు ఎన్నో చెప్పాను కానీ, అవ్వ అడిగిన ఆ ప్రశ్నకు మించి చెప్పలేకపోయాను. అసలు చదవలేని మనిషి మన మాటనే నమ్ముకుని కూర్చుంటుంది. జాలితో మార్చినా సరే, మనం ఒకసారి మార్చామని తెలిస్తే ఇక ఆ మనిషికి దిక్కు లేదు.

సెలవులు అయిపోయి కామారెడ్డి వచ్చేశాను. ఉస్తానీ అమ్మకు ఈ సంగతి చెప్పలేదు. ఏ ముఖం పెట్టుకుని చెప్పను? రెండు ఆదివారాలు తల వంచుకుని కూర్చున్నాను.

మూడో ఆదివారం, భిక్నూర్ పంతులుగారు తన చివరి పేరా చదువుతున్నారు. గేటు చప్పుడైతే చూశాను. అవ్వ! చంకలో గుడ్డసంచి, కాళ్ళ నిండా బస్టాండు దుమ్ము. మొగుడు పోయిన మనిషి సంవత్సరీకం కాకముందు ఊరు దాటితే మా వాడకట్టు ఏమనుకుంటుందో నాకు తెలుసు. అవ్వకు ఇంకా బాగా తెలుసు. అన్నింటినీ పక్కన పెట్టి వచ్చింది.

నన్ను చూసి కూడా చూడనట్టే ఉస్తానీ అమ్మ ముందుకు పోయి, సంచిలో నుంచి బాపు నోటుబుక్కు తీసి చాపింది. "నువ్వేనా అమ్మా ఉస్తానమ్మవు? నేను గీ పిల్ల అవ్వను. నాకు సదువు రాదు. ఇండ్ల నా మొగడు రాసిండు. ఏం రాసిండో ఉన్నది ఉన్నట్టు చెప్పాలె. మంచిదైతె మంచిది, చెడ్డదైతె చెడ్డది. నా బిడ్డ ఈడ ఉండొద్దు, కండ్లతోని నీకు సైగ చేస్తది" అంది.

ఉస్తానీ అమ్మ నా వంక చూసింది. నేను నేల చూశాను. "నువ్వు లోపలికి పో బేటీ" అంది. పంతులుగారూ, లింగంపేట ఆమె లేచి నెమ్మదిగా బయటికి నడిచారు. నేను పరదా వెనక గదిలో కూర్చున్నాను. కనిపించదు కానీ ప్రతి మాటా వినిపిస్తుంది.

ఉస్తానీ అమ్మకు ఆ కథ గురించి ఏమీ తెలియదు. ఒక వాక్యం ఉర్దూలో చదివి, వెంటనే తెలుగులో చెప్పుకుంటూ పోయింది. అది నా తెలుగు కాదు. మా ఇండ్లల్లో మాట్లాడుకునే తెలుగు. గేటు వచ్చింది, వాగు వచ్చింది. "ఆమె నల్లగుంటది, మొఖం నిండ..." అని ఆగింది. ఎదురుగా కూర్చున్న అవ్వ ముఖం ఆమెకు అప్పుడే కనిపించి ఉంటుంది. ఇక్కడ నేనైతే దగ్గి, పేజీ తిప్పేసేదాన్ని. ఉస్తానీ అమ్మ గొంతు తగ్గించలేదు, పెంచలేదు. "మొఖం నిండ అమ్మవారు వోసిన మచ్చలున్నయి" అని పూర్తి చేసింది.

అవ్వ, "ఊఁ, చెప్పు" అంది.

తిట్లు వచ్చాయి. వాగు దాటుతూ ఆమె వాన దేవుణ్ణి తిట్టిన చోట ఉస్తానీ అమ్మ, "ఓ దేవుడా, నీకు దయ లేదా, నా నెత్తి మీదనే కురవాల్నా" అని చెప్పింది. అవ్వ చప్పున అడ్డం పడింది.

"గట్ల అనలే! దయ గియ నేనెందుకంట? వానల కచేరికి బువ్వ తెచ్చిన నాడు 'నీ వాన మన్నువడ, నీ మబ్బు కూల, నా నెత్తే దొరికిందా' అన్న."

వరండా కొసన బీడీలు చుడుతున్నవాళ్ళలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఉస్తానీ అమ్మ పుస్తకం దగ్గరగా పెట్టుకుని చూసి, "ఇండ్ల దయ అనే ఉన్నది చెల్లె. నీ తిట్టును ఆయన ఉర్దుల వెట్టిండు గద, మొగడు గూడ జెర మెత్తగ చేసిండు. ఆయన గూడ తర్జుమానే చేసిండు" అంది. ఎన్ని ఏళ్ళు గడిచినా ఆ మాట నన్ను వదల్లేదు. అవ్వ తిట్లను మా ఇంట్లో ఎవరూ చదవని భాషలోకి మార్చుకుని దాచుకున్న మా బాపును నేను మొదటిసారి చూసినట్టు అనిపించింది. పరదా వెనక చేతి గుడ్డ కూడా లేక పైట కొంగుతో కళ్ళు తుడుచుకున్నాను.

కథ చివరికి వచ్చింది. ఉస్తానీ అమ్మ నెమ్మదిగా చెప్పింది. "కడుపు నిండింది. అయినా ఇంకింత పెట్టుమన్నడు. అన్నం అయిపోతె ఆమె గిన్నె పట్టుకుని పోతది. తిట్లు గూడ అయిపోతయి. అందుకని అడిగిండు. గింతే చెల్లె, కథ అయిపోయింది."

ఆ తర్వాత అవ్వ గొంతు వినిపించింది. ఎప్పుడూ వినని గొంతు అది, చిన్నగా ఉంది.

"రోజు గట్లనే అడిగెటోడమ్మా. తినుడు అయినంక ఇంకింత పెట్టుమనేటోడు. పెడితె తినేటోడు కాదు. పళ్ళెంల కెలికి ఇడిశిపెట్టెటోడు. అన్నం పారబోస్తున్నవని నేను గొంతు చించుకుంటుంటి. తల వంచుకుని ఇనేటోడు. తినకున్నంక ఎందుకడుగుతవని ఎన్నిసార్లు అడిగిన. ఒక్కనాడు చెప్పలే."

నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. పుట్టి బుద్ధి తెలిసిన నాటి నుంచి నేనూ ఆ పళ్ళెం చూస్తూనే ఉన్నాను. బాపు అడగడం, అవ్వ పెట్టడం, ఆయన వదిలేయడం, ఆమె అరవడం, అన్నీ రోజూ నా పక్కనే జరిగాయి. అదే వాక్యం ఉర్దూలో నా కళ్ళ ముందుకు వస్తే ఆనవాలు పట్టలేదు. చప్పగా ఉందని కొట్టేసి, దాని మీద అమృతం పోశాను.

పరదా తీసుకుని బయటికి వచ్చాను. అవ్వ ఏడుస్తోంది, నవ్వుతోంది కూడా. నన్ను చూడగానే కోపం తెచ్చుకుంది. "నీ సదువు మన్నువడ! గింత మంచిగ రాస్తె గంత పాడు చేస్తవా? ఎవతినో తెచ్చి నా ఇంట్ల పెట్టినవు గదనే! గిన్ని దినాలు ఆయనకు చాయ్ గూడ పొయ్యకపోతి" అని నా వీపు మీద ఒక్కటి వేసింది. అబ్బ, ఎంత హాయిగా ఉందో! నెల రోజుల తర్వాత మా అవ్వ నోరు విప్పి తిట్టింది. ఆమె చేతులు పట్టుకుని, "తప్పయింది అవ్వా, తప్పయింది" అని ఏడ్చాను.

కోపం నా మీద నుంచి బాపు మీదికి మళ్ళింది. "ఆయన మాత్రం? ఇంట్ల నాతోని తెలుగే మాట్లాడెటోడు గద. గీ ముచ్చట తెలుగుల చెప్తె నోరు వడిపోవునా? నాకు రాని భాషల రాసి పెట్టెల వెడ్తడా?"

ఉస్తానీ అమ్మ, "మొగోళ్ళు గంతే చెల్లె. మా ఇంటాయన అయితె ఏ భాషల గూడ రాయలే" అంది. బీడీలు చుడుతున్న ఆడవాళ్ళు మళ్ళీ నవ్వారు. అవ్వ కూడా నవ్వి, ముక్కు చీదుకుని, నోటుబుక్కు తీసుకుని నా ఒళ్ళో పడేసింది.

"రాయ్" అంది.

"ఏం రాయాలె అవ్వా?"

"ఆయన రాసిన కాడ కిందికి నేను చెప్పింది రాయ్. ఆయనకు తెలుగు సదువరాదు గద, ఉర్దులనే రాయ్."

ఉస్తానీ అమ్మ కలం అందించింది. బాపు చివరి వాక్యం కింద నాలుగు వేళ్ళ ఖాళీ ఉంది. అవ్వ గోడకు ఆనుకుని, ఎదురుగా మనిషి కూర్చున్నట్టే చూస్తూ చెప్పింది. మొదట రెండు తిట్లు చెప్పింది. నా కలం ఆగింది.

"ఏం చూస్తున్నవు? గవి గూడ రాయ్. మెత్తగ చేస్తె చెయ్యి ఇరుగుతది."

రాశాను. ఆ తిట్లకు సరిగ్గా అంత బరువున్న ఉర్దూ మాటల కోసం ఉస్తానీ అమ్మను అడిగాను. ఆమె సిగ్గుపడుతూనే చెప్పింది. ఆ తర్వాత అవ్వ ఇంకొక్క మాట చెప్పింది. అదీ రాశాను. ఒక్క అక్షరం అటూ ఇటూ చేయలేదు.

అవ్వ నా చేతిలో నుంచి పుస్తకం లాక్కుని ఉస్తానీ అమ్మకు ఇచ్చింది. "ఇది సక్కగ రాసిందో లేదో సదువమ్మా. దీన్ని నమ్మ" అంది.

ఉస్తానీ అమ్మ కళ్ళజోడు పెట్టుకుని, వేలు ఆనించి, తిట్లన్నీ చదివి, చివరి మాట తెలుగులో చెప్పింది.

"కడుపు నిండినంక అడుగుతున్నవని నాకు ఎర్క లేకపాయె. ఎర్కుంటె ఇంకింత తిడుతుంటి."

"ఆఁ" అంది అవ్వ. "గదే అన్న."